జర్మన్ మాట్లాడాలంటే పుట్టే బెరుకును ఏఐతో తగ్గించుకునే పద్ధతి

గోయెథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే జర్మన్ బి1 పరీక్షకు (ఏ1 నుంచి సి2 దాకా ఉండే భాషా స్థాయిల్లో ఇది మధ్యస్థాయి) సిద్ధమయ్యే తెలుగువాళ్లలో చాలామందికి చదవడం, వినడం, రాయడం నెట్టుకొచ్చేంత వస్తాయి. ష్ప్రెషెన్ దగ్గరికి, అంటే మాట్లాడే మాడ్యూల్ దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. నిన్న రాత్రి ఇంట్లో గడగడా చెప్పిన వాక్యం ఎగ్జామినర్ ఎదుట సగంలో ఆగిపోతుంది. గది దాటి బయటికి రాగానే మళ్లీ పూర్తిగా గుర్తొస్తుంది. దీనికీ తెలివికీ సంబంధం లేదు. జర్మన్‌లో ఒక్క వాక్యం పలకాలంటే నామవాచకానికి దెర్, దీ, దస్‌లలో ఏది పడుతుందో, విభక్తి ఏదో, క్రియ ఎక్కడ కూర్చుంటుందో ఒకేసారి మనసులో పట్టుకోవాలి. అందులో సగం చోటు ‘తప్పు మాట్లాడితే ఏమనుకుంటారో’ అన్న ఆలోచన ఆక్రమించేస్తే మిగిలిన సగంలో వాక్యం పట్టదు.

పరభాష నేర్చుకునేటప్పుడు వచ్చే ఈ బెరుకు మిగతా భయాల్లాంటిది కాదని, దాన్ని విడిగా కొలవాలని 1986లో హార్విట్జ్ అనే పరిశోధకురాలి బృందం ప్రతిపాదించింది. 33 వాక్యాల కొలమానం ఒకటి తయారుచేసింది. అందులో మూడు పాయలు కనిపిస్తాయి: నోరు విప్పడానికి జంకు, పరీక్షంటే భయం, నలుగురూ తక్కువగా చూస్తారేమోనన్న భయం. ఏఐ బాగా పనికొచ్చేది ఈ మూడోదానికి. దాని ముందు ఒకే తప్పు పదిసార్లు చేసినా పరువు పోదు, వెనక బెంచీ నుంచి నవ్వు వినిపించదు. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ దగ్గర ఒకసారి నలుగురిలో నవ్వులపాలైనవాళ్లు ఆ గాయాన్నే జర్మన్ క్లాసుకూ మోసుకొస్తారు. అలాంటివాళ్లకు ఎవరూ చూడని ఈ చోటు నిజంగా మేలు చేస్తుంది.

అయితే నలుగురూ లేని చోట ఎంత సాధన చేసినా నలుగురి భయం దానంతట అది పోదు. ఫోన్‌తో నెలల తరబడి మాట్లాడి, మనిషి ఎదుట మళ్లీ బిగుసుకుపోయేవాళ్లు ఉంటారు. అందుకే కింద చెప్పే సాధనలో ప్రతి మెట్టూ మనుషుల వైపే తీసుకెళ్తుంది.

మొదలుపెట్టే ముందు కొలత

ఒక నోటుబుక్కు తీసుకుని 0 నుంచి 10 దాకా అంకెలు వేసుకోండి. 0 అంటే స్నేహితులతో తెలుగులో కబుర్లు చెప్పినంత తేలిక. 10 అంటే లేచి పారిపోవాలనిపించడం. ఐదు సందర్భాలకు అంకె వేయండి: ఒంటరిగా పైకి చదవడం, ఏఐకి టైపు చేయడం, ఏఐతో మాట్లాడటం, క్లాసులో ఒక తోటి విద్యార్థితో మాట్లాడటం, ఎగ్జామినర్ ఎదుట మాట్లాడటం. ఈ ఐదు అంకెలే మీ సాధనకు దారి చూపిస్తాయి. ఇక రోజూ సాధనకు ముందు ఒక అంకె, మధ్యలో బెరుకు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నప్పుడు ఎంతో ఒక అంకె, అయ్యాక ఒకటి. దాని పక్కన ఆ బెరుకు ఎక్కడ పుట్టిందో తెలుగులో ఒక్క వాక్యం. ‘మాట దొరకలేదు’, ‘అది తొందరపెట్టింది’, ‘ఉచ్చారణ సిగ్గనిపించింది’ అని వేర్వేరుగా రాయండి. మూడింటికీ మందు వేరు.

ఏర్పాట్లు

మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు, తలుపు వేసుకోగల గది, 12 నిమిషాలు. అంతకంటే పొడిగించొద్దు. అలసిపోయి ఆపితే మనసుకు గుర్తుండేది ఆ అలసటే. చాట్‌జీపీటీ, జెమినై లాంటివాటిలో ఏదైనా సరిపోతుంది. హాస్టల్లో పక్కవాళ్లు వింటారన్న జంకు ఉంటే డాబా మీదికో, ఖాళీ క్లాస్‌రూమ్‌లోకో వెళ్లండి. విన్నా ఫర్వాలేదనిపించే రోజు కూడా వస్తుంది, అదీ నోటుబుక్కులో రాసుకోదగ్గదే.

నేరుగా వాయిస్ సంభాషణతో మొదలుపెట్టకండి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మీరు రెండు మూడు క్షణాలు ఆగితే మాట ముగిసిందనుకుని అది అందుకుంటుంది. బి1 స్థాయిలో క్రియ వెతుక్కోవడానికి ఆ మాత్రం ఆగక తప్పదు. నోట్లో మాట నోట్లో ఉండగానే అవతలివాళ్లు అందుకుంటే ఏ బెరుకు తగ్గించుకోవాలని వచ్చారో అదే పెరుగుతుంది. మొదట్లో టైపు చేసే పెట్టె పక్కనుండే మైకు గుర్తు వాడండి. తీరిగ్గా మాట్లాడి, తెరపై అక్షరాలు చూసుకుని, మీకు సరేననిపించాకే పంపొచ్చు. పగ్గం మీ చేతిలో ఉంటుంది.

ఈ పగ్గం సంగతి చిన్నది కాదు. చదువులో భావోద్వేగాల మీద రైన్‌హార్డ్ పెక్రున్ చేసిన సిద్ధాంతం ప్రకారం, ఫలితం మనకు ఎంత ముఖ్యం, దానిపై మనకు ఎంత పట్టు ఉందనిపిస్తోంది అన్న రెండింటి మధ్య పుడుతుంది పరీక్ష భయం. జర్మనీ ఆస్పత్రిలో ఉద్యోగానికి సిద్ధమయ్యే నర్సుకు ఈ పరీక్ష ఎంత ముఖ్యమో ఎవరూ తగ్గించలేరు. పట్టును మాత్రం పెంచవచ్చు. ‘నెమ్మదిగా చెప్పు’, ‘మళ్లీ చెప్పు’, ‘ఆగు’ అని అడగగలగడం పట్టులో మొదటి పాఠం.

ఏఐకి ఇవ్వాల్సిన సూచన

‘నాతో జర్మన్ మాట్లాడు’ అని వదిలేస్తే అది పేరాలకు పేరాలు రాస్తుంది, ప్రతి తప్పూ దిద్దుతుంది, పైగా అద్భుతం అంటుంది. కింది సూచన అతికించి చూడండి:

“నేను జర్మన్ బి1 మాట్లాడే పరీక్షకు సిద్ధమవుతున్నాను. నా మాతృభాష తెలుగు. నాతో జర్మన్‌లోనే మాట్లాడు. ఒకసారికి రెండు చిన్న వాక్యాలు, చివర ఒకే ప్రశ్న. ఏ2, బి1 స్థాయి మాటలే వాడు. మధ్యలో నా తప్పులు దిద్దకు. మాట దొరక్క నేను తెలుగులో అంటే, ఆ ఒక్క మాటకే జర్మన్ ఇచ్చి సంభాషణ కొనసాగించు. నేను ‘ష్లుస్’ (ముగింపు) అన్నాక ఆపి, తెలుగులో మూడే విషయాలు చెప్పు: నీకు స్పష్టంగా అర్థమైన నా వాక్యం ఒకటి, అర్థాన్ని చెడగొట్టిన తప్పులు రెండు, రేపు మళ్లీ వాడాల్సిన వాక్యం ఒకటి. పొగడకు. మార్కులు వేయకు.”

మధ్యలో దిద్దొద్దన్నది అన్నిటికంటే విలువైన మాట. దిద్దుబాటు రాగానే మనసు చెప్పబోయే విషయం వదిలేసి, చేసిన తప్పు చుట్టూ తిరుగుతుంది. రెండే తప్పులు అడగడం ఎందుకంటే పది తప్పుల జాబితా చూస్తే ఎవరికైనా నీరసం వస్తుంది, మర్నాటికి గుర్తుండేదీ రెండే. తెలుగు మాట మధ్యలో వాడనివ్వడం చూసి కొందరు టీచర్లు ఒప్పుకోకపోవచ్చు. తొలి రెండు వారాలూ ఒప్పుకోవడమే మంచిదని మా అభిప్రాయం. మాట దొరక్క మౌనంలో పడిపోవడం కంటే ‘ఇష్ మ్యోష్టె ఒక దుప్పటి కౌఫెన్’ (నాకు ఒక దుప్పటి కొనాలనుంది) అని ముందుకు సాగిపోవడం ఎన్నో రెట్లు నయం.

సంభాషణ పొడుగైన కొద్దీ అది ఈ షరతులు మరచిపోయి మళ్లీ పొగడ్తల్లోకి, ఇంగ్లిష్ వివరణల్లోకి జారుకుంటుంది. రోజూ కొత్త చాట్ తెరిచి సూచన మళ్లీ అతికించండి.

ఒక తప్పును దగ్గరగా చూద్దాం

పరీక్ష మొదటి భాగంలో ఇద్దరు అభ్యర్థులు కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి. ఆస్పత్రిలో ఉన్న స్నేహితుణ్ని చూడటానికి వెళ్లడం అనుకుందాం. మీరు ‘ఇష్ కన్ నిష్ట్ కొమ్మెన్, వైల్ ఇష్ బిన్ క్రాంక్’ (నేను రాలేను, ఎందుకంటే నాకు ఒంట్లో బాగాలేదు) అన్నారు. రాలేరని అవతలివాళ్లకు పూర్తిగా అర్థమవుతుంది. తప్పల్లా క్రియ చోటు: ‘వైల్ ఇష్ క్రాంక్ బిన్’ అనాలి. ఏఐని వదిలేస్తే దీన్ని ఇంగ్లిష్ వ్యాకరణంతో పోల్చి అధీన ఉపవాక్యమంటూ పెద్ద వివరణ ఇస్తుంది. అసలీ తప్పు పుట్టిందే ఇంగ్లిష్ మీదుగా ఆలోచించడం వల్ల. ‘నా తెలుగు వాక్యంతో పోల్చి చూపించు’ అని అడగండి. ‘వాళ్లు ఊళ్లో లేరని విన్నాను’ అన్నప్పుడు తెలుగులో క్రియ చివరే ఉంటుంది. వైల్ (ఎందుకంటే), దస్ (‘అని’ అనే అర్థంలో వచ్చేది), వెన్‌లతో (అయితే) మొదలయ్యే జర్మన్ ఉపవాక్యాల్లోనూ క్రియ చివరికే చేరుతుంది. ఇంగ్లిష్ మీడియం వాళ్లు తడబడేచోట తెలుగువాడి చెవి ముందే సిద్ధంగా ఉందని తెలిసినప్పుడు కలిగే ధీమాకు ఏ పొగడ్తా సాటిరాదు. మనకు అలవాటు చేసుకోవాల్సింది ప్రధాన వాక్యంలో క్రియ రెండో చోట ఉండటం. సాధన సమయం అక్కడ పెట్టండి.

మెట్లు

మెట్టు మారడానికి వారాలు లెక్కపెట్టుకోవద్దు, మీ నోటుబుక్కు చూసుకోండి. మధ్యలో వేసే అంకె వరుసగా రెండు రోజులు 4 లేదా అంతకంటే తక్కువ వస్తే పై మెట్టుకు వెళ్లండి. 8 దాటితే ఒక మెట్టు దిగండి. 1, 2 వస్తూనే అక్కడే కూర్చున్నారంటే హాయిగా ఉన్నారు గానీ ముందుకు కదలట్లేదు.

మొదటి మెట్టు టైపు చేసే సంభాషణ. ఇక్కడ ఎక్కువ రోజులు అక్కర్లేదు.

రెండో మెట్టులో మైకు గుర్తుతో మాట్లాడి పంపడం. మూడోది వాయిస్ సంభాషణ. తొందరపడి అందుకుంటుంటే ‘ఆల్జో’ (అంటే...), ‘మొమెంట్ బిట్టె’ (ఒక్క క్షణం) అని నోటితో చోటు పట్టుకోవడం ఇక్కడే నేర్చుకోండి. రేపు మనుషుల దగ్గరా అదే పనికొస్తుంది.

నాలుగో మెట్టులో ఏఐని కావాలనే కష్టమైన మనిషిగా మార్చండి: “నువ్వు ముభావంగా ఉండే ఎగ్జామినర్‌వి. తల ఊపవు, మెచ్చుకోవు. ఒకసారి నా మాట అర్థం కానట్టు అడుగు. ఒకసారి నేను ఊహించని ప్రశ్న వెయ్యి.” ఎగ్జామినర్లు మర్యాదగానే ఉంటారు గానీ, ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా రాసుకుంటుంటారు. ఆ మౌనాన్ని ‘నేను పోయాను’ అని అర్థం చేసుకుని కుంగిపోయేవాళ్లే ఎక్కువ. ముందే అలవాటైతే అంత గుచ్చుకోదు. ‘క్యోనెన్ జీ దస్ బిట్టె వీడర్‌హోలెన్?’ అని అడగడం నాలుక మీదికి వచ్చేదాకా ఈ మెట్టు వదలొద్దు. మళ్లీ చెప్పమని అడగడం చేతకానితనం కాదు, సంభాషణ నడపడంలో భాగం.

ఐదో మెట్టులో మనిషి వస్తారు. తోటి విద్యార్థితో కూర్చుని ప్లాన్ చేసే భాగం మాట్లాడండి, ఆ సేపు ఏఐ మౌనంగా ఉండాలి. ఇద్దరూ ఒప్పుకుంటే రికార్డు చేసి, అయ్యాక దాన్ని అక్షరాల్లోకి మార్చి, ఆ రాత మీద పై సూచనలోని మూడు విషయాలే అడగండి. చాలామందికి ఇక్కడ అంకె ఒక్కసారిగా 3 నుంచి 7కు ఎగబాకుతుంది. కంగారు పడొద్దు, ఇది జరగాల్సిందే. ఫోన్‌తో నేర్చిందంతా వృథా అనుకుని వెనక్కి వెళ్లిపోకుండా, అదే టాపిక్‌ను అదే మనిషితో మర్నాడు మళ్లీ మాట్లాడండి.

ఆరోది అసలు పరీక్ష లాంటిది. పరిచయం లేని ఇద్దరిని ఎగ్జామినర్లుగా కూర్చోబెట్టాలి. 15 నిమిషాలు సిద్ధపడటానికి, డిక్షనరీ లేదు, ఫోన్ లేదు. తర్వాత ఇద్దరు అభ్యర్థులకూ కలిపి సుమారు 15 నిమిషాలు: కలిసి ప్లాన్ చేయడం, ఐదు స్లయిడ్ల మీద ఒక టాపిక్ చెప్పడం, ఎదుటివాళ్ల టాపిక్‌పై అభిప్రాయం చెప్పి ప్రశ్న అడగడం.

ఉచ్చారణ సిగ్గు

మాట్లాడే మాడ్యూల్‌లోని 100 మార్కుల్లో ఉచ్చారణకు 16. గట్టెక్కడానికి 60 చాలు. తెలుగు యాస ఉన్నంత మాత్రాన ఎవరూ తప్పరు, అర్థం కాకపోతేనే ఎక్కువ మార్కులు పోతాయి. అర్థాన్ని చెడగొట్టే అలవాట్లు కొన్నే. మాట చివర అచ్చు చేర్చడం మొదటిది: ‘గుట్’ను ‘గుటు’ అనకండి. ‘త్సైట్’, ‘త్సిమ్మర్’లలోని మొదటి శబ్దం ‘చాప’, ‘చలి’ అన్నప్పుడు మన నోట పలికే దంత్య చకారమే, కొత్తగా నేర్చేదేం లేదు. u మీద రెండు చుక్కలుండే అక్షరానికి (ü) పెదవులు ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా పెట్టి ‘ఈ’ పలకండి.

ఇక్కడ ఏఐని గుడ్డిగా నమ్మితే రెండు రకాలుగా దెబ్బ తింటారు. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ సందర్భం చూసి ఊహిస్తుంది. మీరు వంకరగా పలికినా సరైన మాటే తెరపై వేస్తుంది, కాబట్టి తెరపై సరిగ్గా రావడం ఉచ్చారణకు సర్టిఫికెట్ కాదు. మరోసారి మీరు బాగానే పలికినా ఫ్యాను హోరుకో, మైకు భాష జర్మన్‌కు బదులు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఉండటం వల్లో చెత్త వేస్తుంది. అది చూసి ‘నా నోరే తిరగదు’ అనుకునేవాళ్లున్నారు. పరీక్షించడం తేలిక: జర్మన్లు మాట్లాడిన ఆడియోలో అదే వాక్యాన్ని ఇంకో ఫోన్‌లోంచి వినిపించండి. దానికీ చెత్తే పడితే తప్పు మీది కాదు.

పొగడ్త, దానివల్ల వచ్చే చిక్కు

ఏఐ సహజంగానే మెప్పించేలా మాట్లాడుతుంది. ‘నా జర్మన్ బి1 స్థాయిలో ఉందా?’ అని అడిగితే ఉందనే వైపే మొగ్గుతుంది. ఆ ధీమాతో పరీక్షకు వెళ్లి 50 దగ్గర ఆగిపోతే పడే దెబ్బ మామూలు బెరుకు కంటే గట్టిది. స్థాయి గురించి అభిప్రాయం ఎప్పుడూ టీచర్ దగ్గరే తీసుకోండి. ఏఐని అడగాల్సింది గాల్లో తేలని ప్రశ్నలు: ‘ఇందులో వైల్ వాక్యాలు ఎన్ని, క్రియ సరైన చోట ఉన్నవి ఎన్ని?’ లాంటివి. లెక్కలోనూ అది తప్పగలదు కాబట్టి ఒకసారి మీరే ఎంచి చూసుకోండి.

రాతలో మరో రకం నిస్పృహ ఎదురవుతుంది. పరీక్షలో సుమారు 80 మాటల ఈమెయిల్, మరో 80 మాటల అభిప్రాయం, 40 మాటల మర్యాదపూర్వకమైన ఉత్తరం రాయాలి. మీరు రాసింది ఇచ్చి ‘సరిచెయ్యి’ అంటే అది సి1 స్థాయిలో తిరగరాస్తుంది. చదవడానికి ఎంతో బాగుంటుంది, తనదని చెప్పుకోవడానికి మాత్రం మనసొప్పదు. దాని పక్కన మీ వాక్యం వెలవెలబోయి ఇక రాయాలనే అనిపించదు. అందుకే ‘తప్పున్న చోటు మాత్రం చూపించు, దిద్దకు, ఒక్క కొత్త మాటా చేర్చకు’ అని అడగండి. దిద్దేది మీరే. మీ చేత్తో దిద్దిన వాక్యమే పరీక్ష హాల్లో గుర్తొస్తుంది.

బెరుకు తగ్గడమూ ఆనందం పెరగడమూ ఒకటి కాదు. పరభాషా సాధనలో ఈ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండగలవని 2014లో డెవాల్, మెకింటైర్ అనే పరిశోధకులు చూపించారు. కాబట్టి ఆనందానికి విడిగా చోటివ్వాలి. వారానికి ఒక రోజు పరీక్ష టాపిక్కులు పక్కన పెట్టండి. గోంగూర పచ్చడి ఎలా చేస్తారో ఎప్పుడూ తినని జర్మన్‌కు చెబుతున్నట్టు చెప్పండి, అడ్డుపడి ప్రశ్నలు అడగమని ఏఐకి చెప్పండి. మీకు తెలిసింది అవతలివాళ్లకు తెలియనప్పుడు మాట దానంతట అదే బయటికొస్తుంది.

టీచర్లకు కొన్ని మాటలు

ఏఐ వేసిన మార్కుల్ని క్లాసులో చదవకండి. పిల్లల నోటుబుక్కులోని అంకెలు అడిగి తీసుకోకండి, చూపించాలనుకున్నవాళ్లే చూపిస్తారు. ఇష్టంతో ఇచ్చిన రికార్డింగునైనా నలుగురి ముందు పెట్టొద్దు. ఏకాంతంలో పోగొట్టుకున్న జంకును ఒక్క నవ్వు తిరిగి తెచ్చిపెడుతుంది.

ఏఐతో రాశారని డిటెక్టర్ చెప్పినంత మాత్రాన విద్యార్థిని నిలదీయకండి. 2023లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలు ఇస్తే, మనుషులే రాసిన ఆ వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాతలని తేల్చాయి. సరళమైన, పరిమితమైన మాటలే వాడటం దానికి ముఖ్య కారణం. భాష నేర్చుకునేవాళ్లంతా అలాగే రాస్తారు. అనుమానం వస్తే ఆ పేరా గురించి ఐదు నిమిషాలు మాట్లాడించండి చాలు.

కెమెరాతో ముఖం చూసి విద్యార్థి విసుగులో ఉన్నాడా భయంలో ఉన్నాడా చెబుతామనే సాఫ్ట్‌వేర్లకు దూరంగా ఉండండి. ముఖకవళికల నుంచి లోపలి భావాన్ని నమ్మకంగా చెప్పలేం. మాట వెతుక్కుంటూ నుదురు ముడిచే పిల్లను అది కోపంగా ఉందనగలదు. పైగా గమనిస్తున్నారన్న స్పృహే బెరుకు పెంచుతుంది. వైద్యం, భద్రత అవసరాలకు తప్ప విద్యాసంస్థల్లో ఇలా భావాలు పసిగట్టే ఏఐని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పిల్లల పేర్లు, గొంతులు ఏ యాప్‌లో పడితే ఆ యాప్‌లో ఎక్కించకండి.

ఇంకో విషయం కనిపెట్టి చూడండి. జర్మన్ సాధన కోసం తెరిచిన చాట్‌లో అర్ధరాత్రి దాకా మనసులోని దిగులు చెప్పుకుంటూ కూర్చునే పిల్లలుంటారు. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా అనే చిన్న ప్రోగ్రాం దగ్గరే మనుషులు మనసు విప్పేశారు, ఇప్పటివి అంతకంటే ఎన్నో రెట్లు ఆత్మీయంగా మాట్లాడతాయి. నిద్ర పట్టకపోయినా, తిండి తగ్గినా, క్లాసుకు రావడం మానేస్తున్నా అది భాష బెరుకు కాదు. వాళ్లతో మనిషిగా మీరు మాట్లాడండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే సలహా దొరుకుతుంది.

చివరి వారం

పరీక్షకు ఏడు రోజుల ముందు కొత్త టాపిక్కులు ఆపేయండి. ఐదు స్లయిడ్లకూ ఒక్కో ప్రారంభ వాక్యం మాత్రం కంఠతా పెట్టండి. మొత్తం ప్రసంగం బట్టీ పడితే ఒక్క మాట జారినా దారి తప్పుతుంది, అదీగాక ఎగ్జామినర్లకు ఇట్టే తెలిసిపోతుంది. మూడు రోజుల ముందు నుంచి ఏఐ దిద్దుబాట్లు అడగొద్దు, ఆ వేళ కనిపెట్టిన తప్పు నేర్చుకునే టైము ఉండదు, గుబులు మాత్రం మిగులుతుంది. రోజుకొకసారి మనిషితో మాట్లాడండి.

నాలుగు మాడ్యూళ్లూ విడివిడిగా లెక్కలోకి వస్తాయి, తప్పినదాన్ని ఒక్కటే మళ్లీ రాయొచ్చు. ఇంట్లోవాళ్లకు కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. హాలు బయట మీ జోడీగా వచ్చే అభ్యర్థి కనిపిస్తే ఫోన్ సంచీలో పెట్టేసి జర్మన్‌లోనే పలకరించండి: ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నారు అని. ఆ రెండు నిమిషాల్లో అవతలి గొంతు, వేగం మీకు అలవాటవుతాయి. లోపలికి వెళ్లాక పరీక్ష మొదటి భాగం మాట్లాడాల్సింది కూడా వాళ్లతోనే.